అటకెక్కిన బంగారం

భోగికి నాలుగు రోజుల ముందు మా అమ్మ అటక దులపమంది. ఏటా ఆవిడ చెప్పేదే, ఏటా నేను వినిపించుకోనిదే. ఈసారి మాత్రం నిచ్చెన తెప్పించి, గోడకి ఆనించి, పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది. ఎక్కక తప్పింది కాదు.

నాగార్జునకొండ తవ్వినవాళ్లకు కూడా పొరలు ఇంత శుభ్రంగా దొరికి ఉండవు. పైపొరలో మూడు సెట్‌టాప్ బాక్సులు, రెండు వైఫై రూటర్లు, ఒకప్పుడు ల్యాప్‌టాప్‌కి గుచ్చిన డాంగిల్. దాని కింద బ్యాటరీ ఉబ్బి కడుపుతో ఉన్నట్టు కనిపించే ఫోను, ఏ ఫోనుకూ పట్టని చార్జర్లు పదకొండు. ఇంకాస్త లోతున సీఎఫ్ఎల్ బల్బులు, చచ్చిన యూపీఎస్, వీపున గూనితో పాతకాలం కంప్యూటర్ మానిటర్. అట్టడుగున మా నాన్న పీఎఫ్ లోను పెట్టి కొన్న టూ-ఇన్-వన్. దించి, దుమ్ము దులిపి, ప్లగ్గు పెట్టాను. గరగరమని గొంతు సవరించుకుని ఆకాశవాణి అందుకుంది. అటక మీద అందరికన్నా పెద్ద వయసు దానిదే. దానికన్నా చిన్నవాళ్లలో ఒక్కరూ కిక్కురుమనలేదు.

"ఇవన్నీ భోగి మంటలో వేసేద్దాం నానమ్మా" అన్నాడు మా వాడు.

"అందులో కర్రలూ పిడకలూ వేస్తార్రా. ఈ వైర్లు కాలిస్తే వీధంతా దగ్గుతుంది" అంది మా అమ్మ.

పదేళ్ల కుర్రాడు తెలియక అన్న మాటే దేశంలో అమల్లో ఉన్న పద్ధతి. మనం వదిలించుకున్న కంప్యూటర్లను ఢిల్లీలో సీలంపూర్ సందుల్లో విప్పుతారు. ఆ బోర్డులు ఏళ్ల తరబడి ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాద్ చేరాయి. ఇత్తడి సామానుకు పేరుపడ్డ ఊరు, 'పీతల్ నగరి' అంటారు. అక్కడ సంక్రాంతితో పనిలేదు, ఏడాది పొడుగునా భోగే. బోర్డును పొయ్యి మీద వేడిచేసి చిప్పులు ఊడబెరుకుతారు. మిగిలిన అట్టను కాల్చి, బూడిదను నూరి, రామగంగ ఒడ్డున కడిగి, అడుగున మిగిలిన లోహం ఏరుకుంటారు. వైరు తొడుగు కాల్చి రాగి తీస్తారు. తొడుగు పీవీసీ కాబట్టి పొగలో డయాక్సిన్లు పుడతాయి. టంకంలో సీసం ఉంటుంది, అది పసిపిల్లల మెదడు మీద పనిచేస్తుంది. భోగినాడు మనం పిల్లల నెత్తిన రేగుపళ్లు, చిల్లర డబ్బులు, బంతిపూల రేకులు పోసి దిష్టి తీస్తాం. అక్కడి పిల్లల నెత్తిన ఆ బూడిద పడుతుంది. తీసేవాళ్లు లేరు, దిష్టి మాత్రం మనదే.

ఇంత విషం ఎందుకు మింగుతారు? బంగారం కోసం. గనిలో టన్ను రాయి పిండితే దొరికే బంగారం వేళ్ల మీద లెక్కపెట్టే గ్రాములు. టన్ను పాత సెల్‌ఫోన్లలో వంద గ్రాములు దాటి ఉంటుంది. కొండను తవ్వి ఎలుకను పట్టడానికి మనకు గనుల శాఖ ఉంది, వేలంపాట ఉంది, శంకుస్థాపన ఉంది. అటక మీది ఏనుగుకు మాత్రం నిచ్చెన వేసేవాడు లేడు. జపాన్‌వాళ్లు వేశారు. టోక్యో ఒలింపిక్స్ కోసం ఇంటింటి నుంచీ పాత సామాను అడిగి పుచ్చుకున్నారు. 62 లక్షల ఫోన్లతో సహా దాదాపు 79 వేల టన్నులు. అందులోంచి 32 కిలోల బంగారం, 3,500 కిలోల వెండి, 2,200 కిలోల కంచు తీసి సుమారు 5,000 పతకాలు పోతపోశారు. నీరజ్ చోప్రా మెడలో పడ్డ స్వర్ణం, మన సింధు తెచ్చిన కాంస్యం ఆ తుక్కులోంచి వచ్చినవే. సింధుకి పూలదండలు వేశాం, బాణాసంచా కాల్చాం. ఆ పతకం ఏ జపాన్ అవ్వ సొరుగులోంచి వచ్చిందో అడగలేదు, మన సొరుగు తెరవలేదు.

మనకు చట్టం లేదా అంటే, ఒకటి కాదు, మూడు. 2011లో నిబంధనలు రాసి 2012 మే 1 నుంచి అమలన్నారు. 2016లో మళ్లీ రాశారు. 2022లో మూడోసారి రాసి 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో పెట్టారు. మనం ఫోన్లు మార్చినట్టే ఢిల్లీ నిబంధనలు మార్చింది. పాతదాన్ని బాగుచేయించుకోవడం లేదు, నేరుగా కొత్త మోడలే. 2016 మోడల్‌లో, అమ్మిన సరుకు వల్ల పుట్టే చెత్తలో 30 శాతం మొదట్లోనే కంపెనీలు వెనక్కి తీసుకోవాలన్నారు. మోత ఎక్కువైందని 2018లో దాన్ని 10 శాతానికి దించి, ఏటా పదేసి మెట్లు ఎక్కమన్నారు. 2022 మోడల్‌లో తెర పెద్దది: అంతకుముందు 21 రకాల వస్తువులుంటే ఇప్పుడు 106. ప్రభుత్వ ఈ-వ్యర్థాల పోర్టల్‌లో నమోదుకు నాలుగు కుర్చీలు వేశారు: తయారీదారు, ఉత్పత్తిదారు, రీఫర్బిషర్, రీసైక్లర్. తయారీదారుకూ ఉత్పత్తిదారుకూ తేడా ఏమిటో మా అమ్మకు అర్థమయ్యేలా చెప్పినవారికి పదకొండు చార్జర్లూ బహుమతి. అంతకుముందు ఉన్న సేకరణ కేంద్రానికీ, విడదీసేవాడికీ కుర్చీలు తీసేశారు. చెత్త దానంతట అది నడుచుకుంటూ రీసైక్లర్ దగ్గరికి వెళ్తుందని నమ్మకం కాబోలు. కార్మికులను గుర్తించాలి, శిక్షణ ఇవ్వాలి అని రాష్ట్రాలకు చెప్పే పేరా ఒకటుంది. మా వీధికి వచ్చే పాత సామాన్లతన్ని అడిగాను. పేరా అంటే ఏమిటన్నాడు.

ఇక కంపెనీలకు బాధ్యత ఎలా తగిలించారంటే, అమ్మినవాడే చెత్తకీ పూచీ. వినడానికి ధర్మరాజు తీర్పులా ఉంది. 2023-24కి 60 శాతం, రెండేళ్ల తర్వాత 70, ఇంకో రెండేళ్లకు 80. అయితే అమ్మినవాడు స్వయంగా వచ్చి మా అటక ఎక్కనక్కర్లేదు. ఎక్కడో ఒక రీసైక్లర్ ఇన్ని కిలోలు కరిగించానని సర్టిఫికెట్ పుట్టిస్తాడు, కంపెనీ దాన్ని కొనుక్కుంటుంది. వెనకటికి పాపం పోవాలంటే గంగలో మునిగేవారు, ఇప్పుడు పోర్టల్‌లో మునిగితే చాలు. సర్టిఫికెట్‌కి లెక్కలోకొచ్చే లోహాలు నాలుగు: బంగారం, రాగి, అల్యూమినియం, ఇనుము. మిగిలిన అరుదైన లోహాల గతేమిటని అడగొద్దు. అవి దేశానికి ప్రాణాధారమని, తిరిగి తీయడానికి 1,500 కోట్లు ఇస్తామని 2025 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం వేరే పథకం ఆమోదించింది. ఒకే ఫోనులో నాలుగు లోహాలు ఒక శాఖవి, మిగతావి ఇంకో శాఖవి. అన్నదమ్ములు ఇల్లు పంచుకున్నట్టు.

సర్టిఫికెట్ అనగానే నకిలీ సర్టిఫికెట్ గుర్తుకు రావడం మన జాతి లక్షణం. ఇదే పద్ధతి ప్లాస్టిక్‌కీ ఉంది. 2023లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తనిఖీ చేస్తే సుమారు ఆరు లక్షల నకిలీ ప్లాస్టిక్ సర్టిఫికెట్లు బయటపడ్డాయి. కాగితం మీద కరిగిన ప్లాస్టిక్ మురికికాలువలో హాయిగా తేలుతోంది.

చౌకగా సర్టిఫికెట్లు కొని చేతులు దులుపుకుంటున్నారని ప్రభుత్వానికి కోపం వచ్చి, రీసైక్లర్‌కి కిలోకి కనీసం 22 రూపాయలు కట్టాలని ధర ఖాయం చేసింది. అంతే, టీవీలు, ఏసీలు అమ్మే పెద్ద పెద్ద కంపెనీలు ఢిల్లీ హైకోర్టు మెట్లెక్కాయి. ధర నిర్ణయించడానికి ప్రభుత్వమెవరని వాదన. 22 రూపాయలు! ఒక్కోసారి రైతుబజారులో కిలో వంకాయలు కూడా ఆ ధరకు రావు. ఏసీ అమ్మేటప్పుడు ధర గురించి మనతో ఎవరూ వాదించరు, వాదించనివ్వరు కూడా.

ఈ గొడవలన్నిటికీ పరిష్కారం దొరుకుతుందని ఆ మధ్య ఒక సదస్సుకి వెళ్లాను. నగరంలో పెద్ద హోటలు. హాల్లో ఏసీ ఎంత చలిగా ఉందంటే శాలువా కప్పిన అతిథులు నిజంగానే సంతోషించారు. వెనక ఎల్ఈడీ తెర మీద తెలుగులో పేరు: 'ఎలక్ట్రానిక్ వ్యర్థాల సుస్థిర, స్థితిస్థాపక నిర్వహణ'. 'రెజిలియంట్' అన్నదానికి ఎవరో నిఘంటువు చూసి 'స్థితిస్థాపక' అని వేశారు. ఇంటర్ ఫిజిక్సులో స్ప్రింగు పాఠంలో చదివాను ఆ మాట. సాగదీసి వదిలేస్తే స్ప్రింగు మళ్లీ పాత చోటికే వస్తుంది. తెలియక వేసినా సరిగ్గా వేశారు. 2011లో సాగదీశాం, వదిలేశాం. 2016లో సాగదీశాం, వదిలేశాం. స్ప్రింగు బాగానే పనిచేస్తోంది.

సదస్సు నాలుగు గంటలు నడిచింది. ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదికలోని లెక్కలు తెర మీద వేశారు. 2022లో ప్రపంచం పారేసిన ఎలక్ట్రానిక్ చెత్త 6.2 కోట్ల టన్నులు. 40 టన్నుల లారీలకెత్తి వరసగా నిలబెడితే భూమధ్యరేఖ చుట్టూ తిరిగి వస్తాయట. అందులో లెక్కాపత్రంతో సేకరించి రీసైకిల్ చేసింది 22.3 శాతం. 2030 నాటికి చెత్త 8.2 కోట్ల టన్నులు. అందరూ తలలూపారు. ఇంటింటి సేకరణ, వెనక్కి రవాణా, మరమ్మతు, మళ్లీ వాడకం, ఇచ్చినవాడికి అక్కడికక్కడే ప్రతిఫలం అంటూ అయిదు మెట్ల నమూనా చూపించారు. ఇంకా ఎక్కడా అమలు కాలేదట, పైలట్ దశలో ఉందట. బయటికొస్తుంటే ఒక్కొక్కరికీ ఒక సంచి ఇచ్చారు. సంచి జనపనారది. లోపల పెన్‌డ్రైవు, పవర్ బ్యాంకు, నొక్కితే వెలిగే జ్ఞాపిక. జ్ఞాపిక మూడో రోజు ఆరిపోయింది. దాని బ్యాటరీ మార్చడానికి మూత లేదు. అదిప్పుడు ఎక్కడుందో చెప్పక్కర్లేదు.

ఇంతకీ ఆ అయిదు మెట్ల నమూనా అమలు కాలేదన్నది అబద్ధం. తెలంగాణలోనే అయింది. 2024 ఆగస్టులో రామగుండంలో సైబర్ సెక్యూరిటీ బ్యూరో పోలీసులు బిహార్ నుంచి వచ్చిన ముగ్గురిని పట్టుకున్నారు. వాళ్ల దగ్గర గోనెసంచుల్లో దాదాపు నాలుగు వేల పాత ఫోన్లు. ఊరూరా తిరిగి, ప్లాస్టిక్ సామాన్లిచ్చి, పనికిరాని ఫోన్లు పోగుచేశారు. వాటిని బాగుచేయించి సైబర్ మోసాలు చేసేవాళ్లకు అందించడమే పని అని పోలీసులు చెప్పారు. చూడండి: ఇంటింటి సేకరణ ఉంది, వెనక్కి రవాణా ఉంది, మరమ్మతు ఉంది, మళ్లీ వాడకం ఉంది, ఇచ్చిన ఇల్లాలికి అక్కడికక్కడే ప్లాస్టిక్ టబ్బు ఉంది. ఎల్ఈడీ తెర లేదు, శాలువాలు లేవు, పైలట్ దశ అసలే లేదు. దొంగలకు అబ్బిన నిర్వహణ దొరలకు ఎందుకు అబ్బలేదో ఇంకో సదస్సు పెట్టి తేల్చాలి.

ప్రభుత్వాన్ని అనేముందు దాని అటక కూడా చూడాలి. ఏ కార్యాలయానికైనా వెళ్లండి, ఒక గది తాళం వేసి ఉంటుంది. కిటికీలోంచి చూస్తే గూని మానిటర్లు, కీబోర్డులు, ప్రింటర్లు ఒకదాని మీద ఒకటి. పారేయడానికి వీల్లేదు, స్టాకు రిజిస్టరులో ఉన్నాయి. రిజిస్టరులోంచి కొట్టేయాలంటే కమిటీ కూర్చుని కండెమ్ చేయాలి. కమిటీలో ఒకరు బదిలీ అయ్యారు, ఒకరు రిటైరయ్యారు. యంత్రాలు ఎప్పుడో చచ్చిపోయాయి, మరణ ధ్రువీకరణ పత్రం మాత్రం రాలేదు. బతికుండగా మనుషులకు ఎదురయ్యే కష్టం చచ్చాక కంప్యూటర్లకూ తప్పలేదు. మరోవైపు హైదరాబాద్ చర్లపల్లిలో కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-మెట్ సర్క్యూట్ బోర్డుల్లోంచి లోహాలు తీసే పద్ధతుల మీద పనిచేస్తోంది. చర్లపల్లి అంటే జైలే గుర్తొచ్చే మనకు ఆ సంగతి ఎవరు చెబుతారు? తాళం వేసిన గదికీ చర్లపల్లికీ మధ్య దూరం ఆటోలో వెళ్లేంతే. ఆటో మాట్లాడేవాడు కావాలి.

2025 అక్టోబర్ 14 సంగతి మరీ విచిత్రం. అది అంతర్జాతీయ ఈ-వ్యర్థాల దినోత్సవం. ర్యాలీలకు, ప్రతిజ్ఞలకు పెట్టుకున్న రోజు. సరిగ్గా ఆ రోజే మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి తన మద్దతు ఆపేసింది. విండోస్ 11 ఎక్కించుకుందామంటే ఫలానా భద్రతా చిప్పు, ఫలానా ప్రాసెసర్ లేకపోతే కుదరదంది. ఈ దెబ్బతో దాదాపు 24 కోట్ల కంప్యూటర్లు తుక్కులో పడతాయని కెనాలిస్ అనే సంస్థ 2023లోనే అంచనా వేసింది. వాటికి ఏ రోగమూ లేదు. ఫ్యాను తిరుగుతోంది, తెర వెలుగుతోంది, కీబోర్డు మీద 'అ' నొక్కితే 'అ' పడుతోంది. దినోత్సవం నాడు జరిగే బలులు మనకు కొత్తేం కాదు గానీ, పర్యావరణం పేరుతో జరిపే ఏ దినోత్సవానికీ ఇన్ని తలలు ఎవరూ కొట్టలేదు.

ఈ బుద్ధి ఇప్పటిది కాదు. 1924లో బల్బు కంపెనీలు జెనీవాలో కూడబలుక్కుని, బల్బు వెయ్యి గంటలకు మించి వెలగకూడదని కట్టడి చేసుకున్నాయి. ఎక్కువ వెలిగే బల్బు చేసిన కంపెనీకి జరిమానా! అమెరికాలో 1901లో వెలిగించిన బల్బు ఒకటి లివర్‌మోర్ అగ్నిమాపక కేంద్రంలో ఇంకా వెలుగుతోంది. పాపం, దానికి ఒప్పందం సంగతి తెలియదు. మా నాన్న టూ-ఇన్-వన్‌కీ తెలిసినట్టు లేదు.

నా ఫోను కథ చెప్పి ముగిస్తాను. పదహారు వేలు పోసి కొన్నది రెండేళ్లకు చార్జింగు ఎక్కడం మానేసింది. సర్వీస్ సెంటరుకి వెళ్లాను. టోకెను, మెత్తటి సోఫా, మెత్తటి గొంతు. "బోర్డు మార్చాలి సార్, పదకొండు వేలవుతుంది. ఎక్స్ఛేంజిలో ఇచ్చేస్తే కొత్తదాని మీద రెండు వేలు తగ్గిస్తాం" అంది అమ్మాయి. బోర్డుకేమైందమ్మా అంటే, "బోర్డు పోయింది సార్" అంది మళ్లీ అంతే మెత్తగా. చచ్చినవాడి పేరు చెప్పారు గానీ ఏ జబ్బో చెప్పలేదు.

అక్కణ్ణుంచి నేరుగా ఆబిడ్స్ జగదీష్ మార్కెట్‌కి పోయాను. మూరెడు వెడల్పు కౌంటరు. దాని వెనక ఇరవై రెండేళ్ల కుర్రాడు, ఒక మైక్రోస్కోపు, వేడిగాలి గన్ను. ఫోను వీపు వెచ్చబెట్టి, గిటారు వాయించే బిళ్లతో అంచు చుట్టూ గీరి, చిప్ప ఊడదీశాడు. "బోర్డుకేం కాలే అన్నా. చార్జింగ్ ఐసీ పోయింది. చాయ్ తాగి రా, అయిపోతది." చాయ్ తాగి వచ్చేసరికి ఫోను బతికుంది. ఏడు వందలు తీసుకున్నాడు. "ఎవ్వడు ఇప్పొద్దనే గమ్ముతోని అతికిచ్చిండ్రు. నాలుగు స్క్రూలు పెడితే వీళ్లదేం పోతుండె అన్నా?" అన్నాడు.

ఇన్ని నిబంధనల్లో, ఇన్ని శాతాల్లో, ఆ నాలుగు స్క్రూల మాట అడిగినవాడు వాడొక్కడే. చెత్త పుట్టాక ఎవరు మోయాలన్నదాని మీద మూడు చట్టాలున్నాయి. చెత్త కాకుండా మూత ఊడేలా చెయ్యి అని కంపెనీ చెవి పట్టుకుని చెప్పే చట్టం ఒక్కటీ లేదు. మరమ్మతు హక్కని 2022 డిసెంబర్ 24న కేంద్రం ఒక పోర్టల్ తెరిచింది. ఏ వస్తువు ఎంత సులువుగా బాగవుతుందో మార్కులు వేద్దామని 2024లో కమిటీ వేస్తే, అది 2025లో నివేదిక ఇచ్చింది. ఫ్రిజ్ మీద కరెంటు నక్షత్రాల్లా ఫోను డబ్బా మీద మరమ్మతు మార్కులు. నేను కొన్న ఏ డబ్బా మీదా అవి కనబడలేదు. నివేదిక కూడా ఎక్కడుందో మీరే ఊహించుకోండి. కార్యాలయాల అటకలు మా ఇంటి అటక కన్నా చాలా విశాలం.

జగదీష్ మార్కెట్ కుర్రాడికి ఆ ఈ-వ్యర్థాల పోర్టల్‌లో కుర్చీ లేదు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్లో పాత ల్యాప్‌టాప్‌లకు ప్రాణం పోసేవాళ్లకూ, కోఠీ గుజరాతీ గల్లీలో రూపాయి విడిభాగం వెతికిచ్చేవాళ్లకూ సదస్సుల్లో శాలువా లేదు. ఎంత సాగదీసినా తట్టుకుని నిలబడ్డది మాత్రం వాళ్లే.

భోగి తెల్లవారుజామున మా వీధి మంటలో కర్రలు, పిడకలు, ఒక విరిగిన కుర్చీ కాలాయి. మా అటక మీది సరంజామా అంతా రెండు గోనెసంచుల్లో కట్టి హాల్లో ఒక మూల పెట్టాను. పాత సామాన్లతను వచ్చి ఇనుప లెక్కన కిలోకింత ఇస్తానన్నాడు. అది ఎటు పోతుందని అడిగితే, ఢిల్లీ లారీ ఎక్కుతుందన్నాడు. ఇవ్వలేకపోయాను.

అయ్యా, అమ్మా, మీ వీధి భోగి మంటలో ఎవరైనా చార్జరు వైరు వేస్తుంటే చెయ్యి పట్టుకుని ఆపండి. రెండు గోనెసంచుల సామాను కాల్చకుండా, కడగకుండా, నిజంగా విప్పి లోహం తీసే చోటు మీ ఊళ్లో ఉంటే నాకు ఫోను చేసి చెప్పండి. ఎత్తకపోతే మళ్లీ జగదీష్ మార్కెట్లో ఉన్నట్టు, సాయంత్రం దాకా ఆగి చెయ్యండి.